బానెట్ ఎత్తమని అడగలేకపోయాం

మాకు ఆ కారు అమ్మినాయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగతాది చదివితే ఆయన మమ్మల్ని మోసం చేశాడనిపిస్తుంది. ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. మేం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా బాధంతా ఈ రెండో ముక్క గురించే.

మేం షార్జాలో, అల్ నహదాలో ఉంటాం. ఎనిమిదేళ్ళయింది. వచ్చిన కొత్తలో రెండేళ్ళుండి వెళ్ళిపోదాం అనుకున్నాం కాబట్టి కారు ఊసే ఎత్తలేదు, మా ఆయన దుబాయ్ వైపు స్టేడియం స్టేషన్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి మెట్రో ఎక్కేవారు. జూన్, జులైల్లో పొద్దున్న ఏడింటికే చొక్కా తడిసిపోతుంది. ఆఫీసుకి వెళ్ళి మార్చుకోవడానికి బ్యాగులో ఇంకో చొక్కా పెట్టుకెళ్ళేవారు. అలా ఆరేళ్ళు లాగాక ఒకరోజు ఇక నా వల్ల కాదన్నారు, సరే అన్నాను.

మా ఆయన ఆఫీసులోనే పనిచేసే ఒక తెలుగాయన ఉద్యోగం మారి కెనడా వెళ్ళిపోతూ కారు అమ్మేస్తున్నారని తెలిసింది. 2014 మోడల్ సెడాన్, పదిహేడు వేల దిర్హములు. ఉగాది తర్వాత వచ్చిన ఆదివారం వాళ్ళింటికి రమ్మన్నారు. వెళ్ళాం. ఆవిడ బొబ్బట్లు పెట్టింది, ఫిల్టర్ కాఫీ ఇచ్చింది, వెళ్ళిపోతున్నాం కదా అని తన పిండి రుబ్బే గ్రైండరు నాకే ఇచ్చేసింది. ఆ గ్రైండర్ ఇప్పటికీ రోజూ వాడతాను, మంచి మనుషులు.

తర్వాత కిందికి దిగి బేస్‌మెంట్‌లో కారు చూశాం. లోపల కూర్చున్నాను. మీటరు మీద పెద్ద అంకెలు మైళ్ళలో ఉన్నాయి, కిలోమీటర్లు వాటి కింద చిన్న అక్షరాల్లో.

"అన్నయ్య గారూ, ఇది మైళ్ళలో ఉందేంటండీ?" అన్నాను.

"అదేం ఫరవాలేదమ్మా, రెండూ ఉంటాయి" అన్నారాయన.

ఇంకో మాట అడగబోతుంటే మా ఆయన పక్క సీట్లోంచి నా చేయి నొక్కారు. ఆ నొక్కుడికి అర్థం తెలుగు ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. వాళ్ళింట్లో ఇప్పుడే తిన్నాం, ఇప్పుడు కూర్చుని వాళ్ళ కారుకి వంకలు పెడతావా అని. నేనూ ఊరుకున్నాను. బానెట్ ఎత్తి చూపించమని అడగలేదు, ఎవరైనా మెకానిక్‌కి ఒకసారి చూపిస్తాం అనలేదు, యాక్సిడెంట్ ఏమైనా అయిందా అనలేదు. డబ్బు ఆ రాత్రే పంపించేశాం.

ఇక్కడ గల్ఫ్‌లో లేని వాళ్ళకి ఆ మైళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడి షోరూముల్లో అమ్మే కార్లని జీసీసీ స్పెక్ అంటారు, ఈ ఎండకి తట్టుకునేలా పెద్ద రేడియేటరు, గట్టి ఏసీ పెట్టి ఈ ప్రాంతానికనే తయారుచేసినవి. వాటితోపాటు అమెరికా నుంచి వచ్చే పాత కార్లు కూడా చాలా ఉంటాయి. అక్కడ యాక్సిడెంట్ అయినవో, వరదనీళ్ళలో మునిగినవో, ఇన్సూరెన్స్ కంపెనీ ఇది బాగుచేయడం దండగ అని రాసేస్తే వేలంలోకి వస్తాయి. వాటిని ఓడల మీద ఇక్కడికి తెచ్చి, సరిచేసి, రంగు వేసి అమ్ముతారు. అన్నీ చెడ్డవని నేననను, బాగా చేయించుకుని ఏళ్ళ తరబడి హాయిగా నడుపుకుంటున్న వాళ్ళు మా బిల్డింగ్‌లోనే ఉన్నారు, అలాంటి కారు అని తెలిసి, ఆ ధరకి తగ్గట్టు కొనుక్కుంటే తప్పేం లేదు. తెలియకుండా కొనడమే తప్పు. కారుకి పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసిన ఛాసిస్ నంబరు ఒకటి ఉంటుంది, అద్దం కింద మూలన కనిపిస్తుంది, అందులో పదోది మోడల్ సంవత్సరం చెబుతుంది (2014కి ‘E’ అనే ఇంగ్లీషు అక్షరం). ఆ నంబరు పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికితే కొంచెం డబ్బుకే అమెరికాలో ఆ కారు చరిత్ర దొరుకుతుంది, ఒక్కోసారి వేలంలో తీసిన ఫొటోలు కూడా. మా కారు ఫొటోలు నేను చూశాను, చాలా ఆలస్యంగా. ముందు భాగం మొత్తం లోపలికి నొక్కుకుపోయి ఉంది. రేడియేటరు ఉండాల్సిన చోట ఖాళీ.

మొదటి సూచన పేరు మార్పించుకోవడానికి వెళ్ళినప్పుడే వచ్చింది. ఇన్సూరెన్స్ అబ్బాయి కాగితాలు చూసి, ఇది అమెరికన్ కారు సార్, ఫుల్ ఇన్సూరెన్స్ రాదు, థర్డ్ పార్టీ మాత్రమే ఇస్తాం అన్నాడు. అంటే ఎదుటివాడి కారుకి దెబ్బ తగిలితే వాళ్ళు కడతారు, మన కారుకి ఏమైనా మనదే భారం. రోడ్డు మీద ఆగిపోతే వచ్చి తీసుకెళ్ళే సదుపాయం కూడా మా పాలసీలో లేదు. అప్పటికి డబ్బు ఇచ్చేశాం కదా. మా ఆయన కారు అమ్మినాయనకి ఫోన్ చేస్తారేమో అని చూశాను. "ఇప్పుడు చేస్తే ఏం బాగుంటుంది, ఆయన ఊరెళ్ళే హడావిడిలో ఉన్నాడు" అన్నారు.

మరుసటి ఏడు పాసింగ్‌కి, అంటే కారు రోడ్డు మీదికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీకి తీసుకెళితే టైర్ల దగ్గర ఆపేశారు. ఇక్కడ టైరు తయారై ఐదేళ్ళు దాటితే పాసింగ్ అవదు, టైరు మీది గాట్లు ఎంత లోతుగా ఉన్నా సరే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అదీ మేం చూడలేదు. నాలుగు టైర్లకి పదకొండు వందలు. జులైలో బ్యాటరీ పోయింది, మూడు వందల ఇరవై. ఈ వేడికి ఇక్కడ బ్యాటరీలు రెండేళ్ళకి మించి నిలవడం కష్టమే, దానికి ఎవర్నీ అనను. ఆగస్టులో ఏసీ కంప్రెసర్, పద్నాలుగు వందలు. ఆ మధ్యలోనే సాయంత్రం పూట అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి వెళ్ళడం, కారు కదలగానే మళ్ళీ దిగడం మొదలైంది. కదిలితే దిగుతోంది కదా అని వదిలేశాం. గ్యారేజీకి వెళితే ఇంకేం చెబుతాడో అని టెన్షన్.

నవంబరులో మా పెళ్ళిరోజు. ఎండలు తగ్గాయి, ఒక రోజంతా ఎక్కడికైనా వెళ్ళాలనుంది నాకు. కాకినాడలో పెరిగినదాన్ని, ఉప్పాడ రోడ్డు మీద చిన్నప్పుడు తిరిగిన తిరుగుళ్ళ వల్లో ఏమో సముద్రం చూడకపోతే నాకు ఊపిరాడదు. ఫుజైరా వైపు అల్ అఖా తీరంలో ఉన్న ఒక రిసార్ట్‌లో డే పాస్ దొరికింది. మనిషికి రెండు వందల తొంభై తొమ్మిది, అందులో వంద తిండికి వాడుకోవచ్చు. ఫొటోల్లో నీలం నీళ్ళు, పెద్ద ఈతకొలను, వరసగా గొడుగులు. ఐదు వందల తొంభై ఎనిమిది దిర్హములు ఆన్‌లైన్‌లో కట్టేశాను. అది నేనే కట్టాను, మా ఆయన కాదు. ఫోన్ చేసి ఒక్క మాట కనుక్కోకుండా కట్టాను.

షార్జా నుంచి ఖోర్ ఫక్కాన్ వెళ్ళే కొత్త రోడ్డు 2019లో తెరిచారు, ఎనభై తొమ్మిది కిలోమీటర్లు, హజర్ కొండల్ని తొలుచుకుంటూ సొరంగాల్లోంచి వెళుతుంది. ఈ దేశంలో నాకు బాగా నచ్చిన రోడ్డు అది. ఎడారి ఇసుక రంగు పోయి, కొండలు ముదురు గోధుమ రంగులోకి, తర్వాత దాదాపు నలుపులోకి మారతాయి. ఆ ఎత్తు ఎక్కుతుంటే ఏసీలోంచి వేడి గాలి రావడం మొదలైంది. ముల్లు చూస్తే ఎర్ర గీతకి కొంచెం దూరంలో ఉంది.

ఏసీ ఆపేసి, అద్దాలు దించి, హీటరు ఫుల్లుగా పెట్టమన్నాను. మా నాన్నగారు లారీ ఆఫీసులో గుమాస్తా, ఆయన దగ్గర విన్న మాట అది. హీటరు వేస్తే ఇంజను వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది, మనం ఉడికినా ఇంజను బతుకుతుంది. ముల్లు దిగింది. అల్ రఫీసా డ్యామ్ దగ్గర ఆపి ముప్పావుగంట కూర్చున్నాం. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకూడదు, లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాక తీసి చూస్తే నీళ్ళు బాగా కిందికి పోయున్నాయి. తాగడానికి తెచ్చుకున్న రెండు సీసాలూ అందులోనే పోశాం.

రిసార్ట్‌కి చేరేసరికి పన్నెండు కావస్తోంది. గేటు దగ్గర బ్యాగు వెతికి నా పులిహోర డబ్బా కారులో పెట్టేసి రమ్మన్నారు, బయటి తిండి లోపలికి రానివ్వరట. సరే. లోపల ఈతకొలనులో సగానికి తాడు కట్టేసి ఉంది, టైల్స్ పని జరుగుతోంది, మిషను చప్పుడు. మిగిలిన సగంలో నడుము లోతు నీళ్ళలో ముప్పై నలభై మంది. పోనీ సముద్రంలోకి దిగుదాం అని వెళితే ఎర్ర జెండా. నీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయి, ఒడ్డుకి యాభై అడుగుల దూరం నుంచే చేపలు కుళ్ళిన వాసన. రెడ్ టైడ్ అన్నాడు అక్కడ కూర్చున్న లైఫ్‌గార్డ్, నాలుగు రోజులుగా ఉందట.

రెడ్ టైడ్ రిసార్ట్ తప్పు కాదు. సముద్రంలో కంటికి కనిపించనంత చిన్న నాచు ఒక్కసారిగా పెరిగిపోతే నీళ్ళు ఆ రంగుకి తిరుగుతాయి, ఈ తూర్పు తీరానికి అది కొత్తేమీ కాదు, 2008 ఆగస్టులో మొదలైనది మరుసటి ఏడాది దాకా నెలల తరబడి ఉండి, చేపలు గుట్టలుగా చచ్చి, సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంట్లు కూడా ఆపుకోవాల్సి వచ్చింది. నా అభ్యంతరం అది కాదు. నాలుగు రోజులుగా సముద్రం మూసి ఉందని, కొలను సగమే ఉందని వాళ్ళకి తెలుసు. ముందు రోజు రాత్రి నా దగ్గర పూర్తి డబ్బు తీసుకున్నారు. కన్ఫర్మేషన్ మెసేజ్‌లో టవల్‌కి డిపాజిట్ కట్టాలని రాయడానికి చోటు దొరికింది, సముద్రంలోకి దిగడానికి వీల్లేదని రాయడానికి దొరకలేదు.

తిండికి ఇచ్చిన రెండు వందల్లో రెండు శాకాహారం శాండ్‌విచ్‌లు, రెండు జ్యూసులు వచ్చాయి. అవి తింటుంటే నాకు ఏడుపొచ్చింది. డబ్బు గురించి కాదు. ఏడాదికి ఇలాంటి రోజు ఒక్కటే దొరుకుతుంది మాకు. మిగతావన్నీ ఆఫీసు, ట్రాఫిక్, ఊళ్ళో వాళ్ళకి డబ్బు పంపడం, ఊరెళ్ళే టికెట్లకి దాచుకోవడం. ఆ ఒక్క రోజూ మిషను చప్పుడులో పోయింది.

లేచి రిసెప్షన్‌కి వెళ్ళాను. మా ఆయన "వదిలేయ్, ఇక్కడ మనమేం చేస్తాం" అన్నారు. వదిలేయలేదు. కౌంటర్లో ఉన్న అమ్మాయి నేపాలీ, ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, ఆ అమ్మాయి మీద గొంతు పెంచడం నాకు ఇష్టం లేదు, తను కూడా మాలాగే వీసా మీద బతుకుతున్న పిల్ల. మేనేజరుతో మాట్లాడతానని మాత్రం చెప్పాను. ఇరవై నిమిషాలకి వచ్చాడు. మర్యాదగా విన్నాడు. చివరికి మూడు నెలల్లో వాడుకోవాల్సిన నూట యాభై దిర్హముల వోచరు ఇచ్చాడు, డబ్బు ఇవ్వలేనన్నాడు. మేం మళ్ళీ వెళ్ళలేదు, ఆ గడువు దాటిపోయింది.

అప్పుడు నా వెనక సోఫాలో ఒక తెలుగు కుటుంబం కూర్చుని ఉంది. ఆవిడ లేచొచ్చి మెల్లగా "మేమూ అడుగుదామనే అనుకున్నామండీ, మా వారు వద్దన్నారు" అంది. పిల్లలు ఇద్దరూ కట్టుకున్న ఈత బట్టలు పొడిగానే ఉన్నాయి.

ఆ "వద్దన్నారు" వెనకాల ఏముందో నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే ఉంది కాబట్టి. ఒకటి మనం వెంట తెచ్చుకున్న మొహమాటం. రెండోది ఇక్కడికొచ్చాక పట్టుకున్న భయం, పరాయి దేశం, ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఎవరితోనూ పేచీ వద్దు అని. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఇక్కడ ఆన్‌లైన్‌లో ఒకర్ని తిడితే, చివరికి వాట్సాప్‌లో తిట్టినా సరే, నేరం కింద లెక్క, సైబర్ నేరాలకి 2021లో తెచ్చిన 34వ నంబరు చట్టం ఉంది. అది తెలిసినవాళ్ళు జాగ్రత్తగా ఉండటం న్యాయమే. కానీ ఆ జాగ్రత్త పెరిగి పెరిగి, తిట్టకూడదు అన్నది అడగకూడదు అన్నదాకా వచ్చేసింది మనలో. డబ్బు కట్టేముందు "సముద్రంలోకి దిగొచ్చా అండీ, కొలను తెరిచే ఉందా?" అని ఫోన్ చేసి కనుక్కోవడాన్ని ఏ చట్టమూ తప్పనదు. పైగా వినియోగదారుల రక్షణకి 2020లో వచ్చిన ఫెడరల్ చట్టం కూడా ఉందీ దేశంలో. అన్నీ అయిపోయాక లోపల కుమిలిపోవడమో, అరిచి గోల చేయడమో తప్ప మనకి మధ్యలో ఇంకో దారి అలవాటు లేదు.

మా ఆయన దీనికి ఒప్పుకోరు. ఆయన మాట కూడా రాయాలి, అందులో నిజం ఉంది. "మనవాళ్ళ మధ్య నమ్మకమే మనకిక్కడ ఇన్సూరెన్స్. ప్రతిదానికీ కాగితం చూపించు, బానెట్ ఎత్తు అంటూ పోతే రేపు అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఎవరొస్తారు?" అంటారు. బ్యాటరీ పోయిన రోజు రాత్రి పదకొండింటికి కేబుళ్ళు పట్టుకుని వచ్చింది మూడో అంతస్తు తెలుగబ్బాయే, నేను మర్చిపోలేదు. కానీ అడగడం అంటే నమ్మకపోవడం అని ఎవరు చెప్పారు? మా ఊళ్ళో గేదెని కొనేటప్పుడు సొంత బావమరిది దగ్గరైనా సరే, రెండు పూటలా ఎదురుగా పాలు పితికించి చూసుకునే కొంటారు. ఎవరూ నొచ్చుకోరు. ఆ బేరం అయ్యాక అక్కడే భోజనం కూడా చేస్తారు. మనకి ఆ పద్ధతి ఉంది. చదువుకుని, విమానం ఎక్కి, ఇంగ్లీషు మాట్లాడే ఉద్యోగాల్లోకి వచ్చాక దాన్ని ఎక్కడో మోటుతనం కింద పారేసుకున్నాం.

రిసార్ట్ నుంచి మూడింటికే బయటపడ్డాం. దారిలో అల్ బిదియా మసీదు దగ్గర ఆగాం, మట్టీ రాయీ కలిపి కట్టిన చిన్న కట్టడం, పైన నాలుగు గుమ్మటాలు, 1446 నాటిదంటారు. అక్కణ్ణుంచి ఖోర్ ఫక్కాన్ తీరానికి. అక్కడ నీళ్ళు అంత ఎర్రగా లేవు, వాసన కొంచెమే ఉంది, టికెట్ లేదు, గేటు లేదు. గడ్డి మీద దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాం. పొద్దున్న కలిపింది, కారు వేడికి కొంచెం బిగిసింది, ఐనా ఇంగువ వాసన అలాగే ఉంది. ఆ రోజు మొత్తంలో నేను సంతోషంగా ఉన్నది ఆ అరగంటే.

ఏడింటికి బయల్దేరితే మళ్ళీ కొండ ఎక్కుతుండగా ముల్లు ఎర్ర గీతని తాకింది. ఈసారి హీటరుకీ లొంగలేదు. పక్కకి ఆపి, లైట్లు వేసి, రికవరీ బండి నంబరు సంపాదించి ఫోన్ చేశాం. ఎత్తినాయన ఎక్కడున్నారు అని కూడా అడగలేదు. మొదటి ప్రశ్నే ఇది:

"గాడీ జీసీసీ హై యా అమెరికన్?"

మా ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నా వైపు చూశారు. మూడు సెకన్లలో ఒక పరాయి మనిషి అడిగిన ప్రశ్న. పదిహేడు వేలు ఇచ్చిన మేం అడగనిది.

నాలుగు వందలు తీసుకుని ఎక్కించుకెళ్ళాడు. పెషావర్ వైపు మనిషి, ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చాడు. మర్నాడు ఇండస్ట్రియల్ ఏరియాలో మలయాళీ మెకానిక్ రేడియేటరుకి పంపు తగిలించి గాలి ఒత్తిడి పెట్టి చూపించాడు, ప్లాస్టిక్ ట్యాంకు అంచున వెంట్రుకంత పగులు, అందులోంచి బొట్లు. అది పాత సామాను దుకాణంలోంచి తెచ్చి బిగించిన రేడియేటరట. రెండు ఫ్యాన్లలో ఒకటి అసలు తిరగడమే లేదు, అందుకే ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా వేడెక్కేది, కదిలితే ఎదురుగాలికి చల్లబడేది. థర్మోస్టాట్ తీసేసి ఉంది. వేడెక్కే కారుకి కొందరు ఇక్కడ చేసే తాత్కాలిక వైద్యం అది. అంటే మాకంటే ముందున్నవాళ్ళకీ ఈ బాధ ఉందన్నమాట. అంతా కలిపి పదకొండు వందల యాభై. లెక్క వేస్తే టైర్లతో మొదలుపెట్టి రికవరీ దాకా నాలుగు వేల మూడు వందల డెబ్భై అయింది.

ఆ రాత్రి నేనే కెనడాకి ఫోన్ చేశాను. కోపంగా చేయలేదు, తెలుసుకోవాలని చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మాకూ ఒక తెలిసినాయనే అమ్మాడమ్మా. వేడెక్కుతోందని ఒకసారి గ్యారేజీలో ఇచ్చాం, ఏదో చేసి పంపారు, తర్వాత తగ్గింది. యాక్సిడెంట్ కారని మాకు తెలీదు. మేమూ ఆయన్ని ఏమీ అడగలేదు" అన్నారు. పక్కనుంచి వదినగారు గ్రైండరు బాగా పనిచేస్తోందా అని అడిగింది.

పోయిన నెల కారు అమ్మకానికి పెట్టాం. ఒక కొత్త జంట వచ్చారు, గుంటూరు వాళ్ళు, పెళ్ళయి ఏడాది కాలేదు. కాఫీ కలపకముందే ఇద్దర్నీ కిందికి తీసుకెళ్ళాను. మీటరు చూపించాను, వేలం ఫొటోలు చూపించాను, బానెట్ ఎత్తి కొత్త రేడియేటరు, బిల్లు చూపించాను, ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీయే వస్తుందని చెప్పాను, తాళం చేతికిచ్చి టెస్టింగ్ సెంటరులో పూర్తి చెకప్ చేయించుకుని రమ్మన్నాను. ఆ అబ్బాయి మొహమాటపడిపోయి "అయ్యో, అవసరం లేదండీ, మీరే చెబుతున్నారు కదా" అన్నాడు. వెళ్ళాల్సిందే అన్నాను. ఆ అమ్మాయి మాత్రం ఒంగి టైరు మీద అంకెలు చదువుతోంది.

వెళ్ళొచ్చాక కాఫీ ఇచ్చాను, తాగారు. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయే ఫోన్ చేసి, వద్దనుకున్నామండీ, ఏమీ అనుకోకండి అంది. కారు ఇంకా మా బేస్‌మెంట్‌లోనే ఉంది. వచ్చే ఆదివారం ఇంకెవరో చూడటానికి వస్తామన్నారు.